గొడవ పడని ఆదివారం

మా గుంపుకి పేరు లేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో, మేడ మీదున్న కంప్యూటర్ రిపేరు షాపులో కలిసేవాళ్ళం. మొత్తం నలుగురం. షాపు యజమానిని నేను బావ అంటాను, చుట్టరికం ఏమీ లేదు. రెండో మనిషి మెయిన్ రోడ్డులో ఫ్లెక్సీలు ప్రింటు చేసే దుకాణం నడిపేవాడు. ఆయన నాకు మావ, వాళ్ళిద్దరూ ఒకరికొకరు బావలు. మూడో అతను కశింకోట నుంచి షేర్ ఆటోలో వచ్చే కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్. నాలుగో వాణ్ణి నేను. ఇంజనీరింగ్ చదివి, ఒక మందుల ఫ్యాక్టరీలో కొలత పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించే ఉద్యోగంలో ఉన్నాను.

మేం కలిసేది వాదించుకోవడానికి. మామూలు కంప్యూటర్లకి ప్రాసెసర్లు చేసే పెద్ద కంపెనీలు రెండు. డబ్బా రంగుని బట్టి ఒకదాన్ని నీలం అనీ రెండోదాన్ని ఎరుపు అనీ అనుకునేవాళ్ళం. మావ నీలం. బావ ఎరుపు. కశింకోట అతను ఆ నెల ఏది గెలుస్తుంటే అది. నేను ఎరుపు వైపు మొగ్గేవాణ్ణి గానీ, ముందు వేగం పరీక్షల అంకెలు చూద్దామనేవాణ్ణి. అందుకు ఇద్దరూ కలిసి నన్ను తిట్టేవారు.

"డిజైను పనికి కోర్లు పదహారున్నా ఒకదాంతోటే నడుత్తాది బావా," అనేవాడు మావ. "మిగిలిన పదిహేనూ కూకుని సూత్తాయి, పార్టీ మీటింగుకి లారీలో తోలుకొచ్చిన జనంలాగ."

"నీ నీలం వేడికి మా ఆవిడ చారు కాసుకోవచ్చు," అనేవాడు బావ. "రెండేళ్ళకోసారి సాకెట్టు మార్సేత్తాడు ఆడు. ప్రాసెసర్‌తోటి బోర్డు కూడా గోవిందా. మా ఎరుపోడు సూడు, అదే బోర్డు మీద మూడు తరాల ప్రాసెసర్లు ఎక్కిత్తన్నాడు."

కోర్లంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు; సాకెట్టంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు. ఆ గూడుకి ఇంక కొత్త ప్రాసెసర్లు రావని తెలిస్తే దాన్ని మేం చచ్చిన సాకెట్టు అనేవాళ్ళం. మావ ఎప్పుడూ చచ్చిన సాకెట్టు మీదే డబ్బులు పెడతాడని బావ ఎగతాళి. నిజానికి ఆయన పెట్టింది ఒక్కసారే. ఆ మిషన్ మీదే దుకాణం ఎన్నో ఏళ్ళు నడిపాడు. అది పెద్ద ఫైలు తెరిస్తే ఆగిపోతుంది, తట్టి లేపాలి. ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో ఆయన ఒక్కడికే తెలుసు.

మాకొక పద్ధతి ఉండేది. ఎవరైనా కొత్త మిషన్ కొనాలనుకుంటే ఏయే భాగాలు వేస్తారో ఆ లిస్టు అందరి ముందూ చదవాలి. మిగతావాళ్ళు దాన్ని ముక్కలు ముక్కలు చెయ్యాలి. మొహమాటం పనికిరాదు. పవర్ సప్లై చిన్నదైతే చిన్నదని మొహం మీదే చెప్పాలి. చివర్లో ఒక ప్రశ్న మిగులుతుంది: కొనాలా, ఆగాలా? కొత్త తరం ప్రాసెసర్ ఎప్పుడు చూసినా ఆర్నెల్లలో వస్తూ ఉంటుంది, అది రాగానే పాతది చవకవుతుంది. కాబట్టి మా తీర్పు దాదాపు ప్రతిసారీ ఒకటే: ఆగు. అలా ఆగుతూ ఆగుతూ కశింకోట అతను ఇంతవరకూ సొంత మిషన్ కొననేలేదు.

మావకి కడుపునొప్పి వానలు మొదలైనప్పుడు వచ్చింది. మొదట గ్యాస్ అన్నారు. తర్వాత విశాఖ తీసుకెళ్ళి పరీక్షలు చేయించారు. తిరిగొచ్చాక మనిషి తగ్గిపోయాడు. చొక్కా కాలర్ మెడ చుట్టూ వదులుగా నిలబడేది. "అల్సరంట్రా, కారం మానెయ్యమన్నారు," అని మాతో చెప్పాడు. ఆ తర్వాత రెండు ఆదివారాలు రాలేదు.

రెండో ఆదివారం ఆయన భార్య వచ్చింది. ఆవిడ అంతకుముందెప్పుడూ ఆ మెట్లెక్కలేదు. బావ ఒక క్యాబినెట్ విప్పి, లోపల చేరిన చీమల్ని బ్రష్‌తో దులుపుతున్నాడు. మార్కెట్ దగ్గర కావడంతో మా వీధిలో ఏ మిషన్ విప్పినా చీమలే. ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అల్సర్ కాదు," అంది. "పాంక్రియాస్‌లో గడ్డ. ముదిరిపోయిందన్నారు. నాలుగు నెలలు, మహా అయితే ఐదు. ఆయనకి తెల్దు. మా అన్నయ్యా నేనూ కలిసి అల్సరనే సెప్పేం."

బావ బ్రష్ పట్టుకునే ఉన్నాడు.

"తెలిత్తే ఆ బెంగకే పోతాడు. మీ దగ్గరికొత్తే మామూలుగా ఉండండి. అదే నాను సెప్పడానికొచ్చేను. మామూలుగా ఉండండి బాబూ."

ఉంటామని మాటిచ్చాం. ముగ్గురం.

ఆ పై ఆదివారం మావ వచ్చాడు. మెట్ల మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకోవడం మాకు పైకి వినబడింది. వచ్చి కూర్చుని, ఫోను తీసి, "కొత్త మిషన్ ఏద్దామనుకుంటన్నాను. సదువుతాను, ఇనండి," అన్నాడు.

చదివాడు. ప్రాసెసర్ నీలం. దాని సాకెట్టు అప్పటికే చచ్చింది, ఆ సంగతి మాకందరికీ తెలుసు. కొత్త తరం ఇంకో ఆర్నెల్లలో వస్తోంది, అదీ తెలుసు. ఆ పైన బోర్డు, స్టోరేజీ, పవర్ సప్లై చదివాడు. రామ్ దగ్గర నా చెవి ఆగింది. ఆయన చదివింది పాత రకం రామ్. ఆ బోర్డు తీసుకునేది కొత్త రకం. రెండింటికీ గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది, ఎంత నొక్కినా దిగదు. మా గుంపులో అలాంటి తప్పు చదివినవాణ్ణి నెలరోజులు ఏడిపిస్తారు.

నేను బావ వైపు చూశాను. బావ కూడా వినే ఉంటాడు. రోజూ అవే అమ్ముతాడు.

"బాగుంది బావా," అన్నాడు బావ. "మంచి లిస్టు. తీసేసుకో."

"నీలం బాగా పని సేత్తాది," అన్నాడు కశింకోట అతను.

మావ ఫోను మీంచి తలెత్తి నా వైపు చూశాడు. నేను "బాగానే ఉంది మావా," అన్నాను.

"ఆగక్కర్లేదా? కొత్తది వత్తందన్నారు కదేటి?"

"ఎప్పుడూ ఏదోటి వత్తానే ఉంటాది," అన్నాడు బావ. "ఎందుకు ఆగడం? నచ్చింది కొనుక్కో."

మావ ఫోను జేబులో పెట్టుకున్నాడు. టీ తెప్పిస్తే సగం తాగాడు. మేం సినిమాల గురించి మాట్లాడాం, ఎలక్షన్ల గురించి మాట్లాడాం. మేం అంతకుముందు ఏనాడూ ఆ షాపులో అవి మాట్లాడలేదు. కాసేపయ్యాక ఆయన లేచి, "వత్తాను," అని మెట్లు దిగాడు. ఇన్నేళ్ళలో బావ నీలాన్ని బాగుందనడం నేను వినడం అదే మొదటిసారి. ఆ మాట బావకి గుర్తుచేద్దామనుకున్నాను. ఆయన అప్పటికే క్యాబినెట్ మూత బిగిస్తూ కూర్చున్నాడు, నేనూ ఊరుకున్నాను.

ఆ వారం మధ్యలో ఫోను వచ్చింది. "దుకాణానికి రా. ఒక్కడివే రా," అన్నాడు మావ.

షిఫ్టు అయ్యాక నేరుగా వెళ్ళాను. ముందు గదిలో ఆయన పాత మిషన్ ముందు కూర్చుని, ఎవరి బిడ్డదో మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీ చేస్తున్నాడు. వెనక గదిలో ప్రింటర్ నడుస్తోంది. అత్త ఫ్లెక్సీల అంచులకి ఇనప రింగులు కొడుతున్న చప్పుడు వస్తోంది. అంచు మడత, రింగులు, కస్టమర్లకి లెక్క చెప్పడం ఆవిడ పనులు. మౌస్ మీద ఆవిడ చెయ్యి వెయ్యగా నేను చూడలేదు.

"ఆ బోర్డుకి ఆ రామ్ ఎక్కదు," అన్నాడు మావ, తెర మీంచి కళ్ళు తియ్యకుండా. "నీకు తెల్దా?"

"తెలుసు."

"మీ బావకి?"

"తెలుసు."

"కావాలనే రాసేను. కశింకోటోడైనా పట్టుకుంటాడనుకున్నాను. ఒక్కడూ నోరెత్తలేదు. నన్ను సూసి మీ బావ నీలం బాగుందన్నాడంటే..." ఆగాడు. "ఇంట్లో అందరూ నవ్వు మొహాలేసుకుని తిరుగుతన్నారు. మా బావమరిది ఫోన్ సేసి ఊరికే ప్రేమగా మాట్లాడతన్నాడు. అది అల్సరుకి మాట్లాడే ప్రేమ కాదు. డాక్టర్నడిగితే మీ ఆవిడ్ని అడగమన్నాడు. ఆవిణ్ణి అడిగితే ఏడిసింది, కారం తిన్నందుకంట ఆ ఏడుపు. అందుకే మీ దగ్గరికొచ్చేను. మిషన్ల దగ్గరైతే మీరు అబద్ధం సెప్పరని."

ఫ్లెక్సీలో బిడ్డ పేరు కొంచెం పెద్దది చేశాడు.

"ఇప్పుడు నిన్నొక్కణ్ణీ అడుగుతన్నాను. కొత్త తరం వచ్చేదాకా ఆగనా, ఇప్పుడే కొననా? ఊరికే అడగడం లేదు. ఆగే టైముంటే ఇది ఇలాగే నడుపుతాను, మీ అత్తని ఆ రింగులే కొట్టుకోనిత్తాను. లేదనుకో, బేగి కొత్తది పెట్టి దాని మీద ఆవిణ్ణి కూకోబెట్టాలి. ఈ పాతదాంతోటి ఆవిడ వల్ల కాదు, నా వల్లే కావట్లేదు. దుకాణం తప్ప ఆవిడకి ఇంకేటుంది సెప్పు?"

నాకు తెలిసినవి వరసగా పెట్టుకున్నాను. డాక్టరు చెప్పింది నాలుగు నెలలు, అందులో కొంత అయిపోయింది. కొత్త ప్రాసెసర్ ఆర్నెల్లకి. అది అనకాపల్లిలో దొరికేసరికి ఇంకా ఆలస్యం. ఫ్లెక్సీ డిజైను ఏమీ రాని మనిషికి నేర్పాలంటే తక్కువలో తక్కువ రెండు నెలలు, అదీ నేర్పేవాడు కూర్చోగలిగితే. వీటన్నిటికీ ఎదురుగా ఉన్నది నేను అత్తకిచ్చిన మాట. వెనక గదిలో రింగుల చప్పుడు వినబడుతూనే ఉంది.

"ఆగొద్దు మావా," అన్నాను.

ఆయన మౌస్ కదపడం ఆపాడు.

"ఆర్నెల్లు లేవన్నమాట."

"లేవు."

"ఎంత?"

"నాలుగన్నారంట. మొన్న విశాఖ వెళ్ళినప్పుడు."

తలూపాడు. ఆ తర్వాత మళ్ళీ మౌస్ పట్టుకుని ఫ్లెక్సీలో పాపాయి ఫొటోని కొంచెం పక్కకి జరిపాడు. బాగాలేదనుకుని మళ్ళీ వెనక్కి తెచ్చాడు. పేరు కింద నక్షత్రాలు పెట్టాడు. నేను లేవాలో కూర్చోవాలో తెలియక అలాగే ఉన్నాను. వెనక చప్పుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. తలెత్తి చూసేసరికి అత్త మధ్య గుమ్మంలో ఉంది, చేతిలో సుత్తి.

"నిన్ను నమ్మి సెప్పేను బాబూ," అంది.

అంతే. వెనక్కి వెళ్ళిపోయింది. రింగుల చప్పుడు మళ్ళీ మొదలవలేదు.

ఆ ఆదివారం మావ ముందే వచ్చి కూర్చున్నాడు. నేను బావకీ కశింకోట అతనికీ జరిగింది అప్పటికే ఫోన్లో చెప్పేశాను. బావ నన్ను తిట్టలేదు, మెచ్చుకోలేదు. మావ మా ముగ్గుర్నీ చూసి, "ఇయ్యాల ఎవడైనా బాగుందంటే సెప్పుచ్చుకు కొడతాను," అన్నాడు.

లిస్టు మళ్ళీ చదివాడు. అదే నీలం. రామ్ మాత్రం సరిచేశాడు.

"వేడి ఎక్కువ," అన్నాడు బావ మెల్లిగా.

"అలాగేటి సెప్పేది? నీ గొంతు నీకే ఇనబడతన్నాదా?"

"వేడెక్కిపోద్ది బావా, నీ దుకాణంలో ఏసీ లేదు," అన్నాడు బావ, ఈసారి గట్టిగా. "పైన రేకులు. ఎండాకాలం దాని మీద అట్లేసుకోవచ్చు. పైగా సచ్చిన..."

ఆగిపోయాడు.

"అనేయ్," అన్నాడు మావ. "సచ్చిన సాకెట్టే. సచ్చిందాని మీద సచ్చేవోడు కూకుంటాడు, నీకేటి నొప్పి?"

ఆయనొక్కడే నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు, నవ్వుతుంటే నొప్పి వచ్చి ఆపుకున్నాడు. కశింకోట అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద బెల్లం దిమ్మలు దింపుతున్న లారీ వెనక్కి వస్తోంది.

"నా లెక్క సూడండి," అన్నాడు మావ. "నాకు మూడు తరాలు ఎందుకు? నాకు ఒక తరం కూడా ఎక్కువే. ఇప్పుడు ఏది జోరుగా నడుత్తాదో అది. ఫైలు తెరవగానే తెరుసుకోవాలి. అంకెలు నీలానికే ఉన్నాయా లేవా? నువ్వు సెప్పు అల్లుడూ, నీ అంకెలు ఏటంటన్నాయి?"

ఒక్క డిజైను పని వరకూ చూస్తే అంకెలు నీలం వైపే ఉన్నాయి, కొద్ది తేడాతో. అదే చెప్పాను. ఇన్నేళ్ళలో ఆయన వాదన ఇంత గట్టిగా ఉండటం చూడలేదు. భవిష్యత్తు లేని మనిషికి చచ్చిన సాకెట్టుతో ఇబ్బంది లేదు. మా ఎరుపు వాదన మొత్తం భవిష్యత్తు మీదే నిలబడేది.

బావ చాలాసేపు స్క్రూడ్రైవర్ని బల్ల మీద దొర్లిస్తూ కూర్చున్నాడు.

"మిషన్ నీక్కాదు కదా బావా," అన్నాడు చివరికి.

"మరెవరికి?"

"సెల్లికి. నువ్వు దాని మీద ఎన్నాళ్ళు కూకుంటావు? ఆవిడ పదేళ్ళు కూకోవాలి. ఐదేళ్ళకి అది నిదానమైపోద్ది. నీ నీలమైతే అప్పుడు బోర్డు మార్సాలి, రామ్ మార్సాలి, అన్నీ మళ్ళీ ఎక్కించాలి. సూత్తా సూత్తా ఆవిణ్ణి ఎవడో ఒకడు మోసం సేత్తాడు. ఎరుపైతే నేనొచ్చి పావుగంటలో ప్రాసెసర్ ఒక్కటీ మార్సేసి పోతాను. మిగతాదేదీ కదపక్కర్లేదు. ఆవిడ ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి."

మావ వేళ్ళతో ఏదో లెక్కపెట్టి ఆపేశాడు.

"జోరు కొద్దిగా తగ్గుతాది," అన్నాడు.

"ఆవిడకి తెలీనంత తగ్గుతాది," అన్నాను.

"అయితే ఎరుపే పెట్టు," అన్నాడు మావ.

మా గుంపులో అది బావ గెలిచిన అతి పెద్ద వాదన. ఆయన లేచి బాత్రూంలోకి వెళ్ళి, మొహం కడుక్కుని వచ్చాడు. ఆ తర్వాత చాలాకాలం ఎవరైనా ప్రాసెసర్ల మాటెత్తితే కసురుకునేవాడు.

మిషన్ బిగించడం ఆ వారంలోనే అయిపోయింది. ప్రాసెసర్‌ని మావే గూట్లో పెట్టాడు. మోచేతిని బల్లకి ఆనించుకున్నాడు. పిన్నులు వంగితే పని మొదటికొస్తుంది. వంగలేదు.

కానీ అత్త దాని ముందు కూర్చోలేదు. ఆ నెలలో నేను వెళ్ళినప్పుడల్లా అదే దృశ్యం. మావ కుర్చీ పక్కకి జరిపి, ఖాళీ కుర్చీ చూపించి పిలిచేవాడు. ఆవిడ ఏదో ఒక పని పెట్టుకుని వెనక గదిలో ఉండేది.

"రావే. ఒక్క పేరు మార్సడం సూపిత్తాను."

"నాకెందుకు? నువ్వున్నావు కదా."

"నేను లేనప్పుడే."

"లేనప్పుడు సూద్దాంలే."

నన్ను చూస్తే ఆవిడ మొహం తిప్పుకునేది. నేను చెప్పకపోయి ఉంటే ఇంకొన్నాళ్ళు ఆయన అల్సర్ మనిషిగానే ఉండేవాడని ఆవిడ నమ్మకం. ఆ కుర్చీలో కూర్చుంటే నేను చెప్పినదానికి ఆవిడ కూడా సంతకం పెట్టినట్టు. నాకది అర్థమైంది. అర్థమైనంత మాత్రాన నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. నేను వెళ్ళడం తగ్గించాను, నేను లేకపోతే కూర్చుంటుందేమోనని. తర్వాత మావని ఆసుపత్రిలో చేర్చారు, ఇంటికి తెచ్చారు, మళ్ళీ చేర్చారు. దుకాణం షట్టరు సగం దించి ఉండేది. లోపల ఎవరు ఏం చేస్తున్నారో రోడ్డు మీంచి కనబడేది కాదు.

డాక్టరు చెప్పిన గడువు కూడా ఆయన పూర్తిగా తీసుకోలేదు.

నాలుగు రోడ్ల దగ్గర ఆయన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఇంకో దుకాణం వాళ్ళు కట్టారు. ఫొటో పొడుగు చాలక నిలువుగా లాగేశారు. బావ దాని కింద నిలబడి, "ఇలాటి పని ఆయన జన్మలో బయటికి పంపలేదురా," అన్నాడు. విప్పి మళ్ళీ చేయిద్దామా అన్నాను. ఎక్కడ చేయిస్తావన్నాడు. ఇద్దరం వెళ్ళిపోయాం.

పెద్దకర్మ అయ్యాక దుకాణం తెరిచారని కశింకోట అతను చెప్పాడు. నేను ఆ రోడ్డున వెళ్ళడం మానేసి, బస్‌స్టాండు వైపు నుంచి తిరిగి వెళ్ళేవాణ్ణి. ఆదివారాలు మేడ మీదికి వెళ్ళేవాణ్ణి గానీ, ముగ్గురం ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. కొత్త తరం విడుదలైంది. పరీక్షల అంకెలు వచ్చాయి. కశింకోట అతను చదవబోతే బావ ఆపమన్నాడు.

ఒకరోజు ఫ్యాక్టరీలో ఉండగా మావ నంబరు నుంచి ఫోను వచ్చింది. తెర మీద ఆ పేరు చూసి బయటికొచ్చి ఎత్తాను.

"తెర మీద ఎర్రగానే ఉన్నాది," అంది అత్త. పలకరింపు లేదు. "ప్రింటు తీత్తే ఇటికరాయి రంగొత్తంది. ఎందుకు?"

"రంగుల సెట్టింగు తెరకి పెట్టి ఉంటుంది అత్తా, ప్రింటుకి మార్చాలి. నేను సాయంత్రం వచ్చి..."

"రానక్కర్లేదు. ఎక్కడ నొక్కాలో సెప్పు."

చెప్పాను. పైన మూడో మెనూ అన్నాను. ఆవిడ ఆ మెనూ పేరు ఇంగ్లీషులో చదివింది, కూడబలుక్కుంటూ. తర్వాత ఏది అని అడిగింది. అదీ చెప్పాను. అవతల మౌస్ నొక్కుతున్న చప్పుడు, కాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత ప్రింటర్ కదిలిన చప్పుడు. ఎవరో కస్టమర్ ఎంతసేపు పడుతుందమ్మా అని అడుగుతున్నాడు.

"వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది," అంది, ఫోను పెట్టేసింది.